రెండు గంటల కొట్లాట, కాగితంలో చూపు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మూడేళ్లుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా మేడ మీద గదిలో ఐదుగురు మిత్రులకి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ నడుపుతున్నాను, 2014 నాటి పుస్తకాలతో. నేను కథ చెబుతాను, వాళ్లు ఒక్కో పాత్రగా పాచికలు వేస్తూ ఆడతారు. ముగ్గురు తెలుగువాళ్లు, ఇద్దరు ఒడియావాళ్లు. క్యారెక్టర్లు, అంటే వాళ్ల పాత్రలు, ఎనిమిదో లెవెల్‌కి వచ్చాయి. మొదట్లో ఎంతో సరదాగా ఉండేది. ఇప్పుడు ఒక కొట్లాట మొదలైతే రెండు గంటలు. ఎవరికీ ప్రాణభయం లేదు. "ఏం చేస్తావు?" అని అడిగితే తమ పాత్ర శక్తులన్నీ రాసుకున్న కాగితంలోకి చూస్తారు. ఆదివారం వస్తోందంటే నాకే నీరసం. వాళ్లకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు, ఒకడైతే ఇరవయ్యో లెవెల్ దాకా ప్లాన్ రాసి పెట్టుకున్నాడు. వేరే సిస్టమ్‌కి, అంటే ఇంకో ఆట నియమాలకి, మారాలా? మారితే దేనికి? వీళ్లని ఎలా ఒప్పించాలి?
— ఒక డీఎం (డంజన్ మాస్టర్, ఆట నడిపేవాడు), గజపతి జిల్లా

సమాధానం:

మీ ఉత్తరంలో కీలకమంతా "కాగితంలోకి చూస్తారు" అన్న మాటలో ఉంది. ఏ ఆట నియమాలైనా ఆటగాడి చూపుని ఎటో ఒకవైపు లాగుతాయి. ఐదో ఎడిషన్‌లో ఎనిమిదో లెవెల్ విజార్డ్ (మంత్రగాడు) చేతిలో 12 స్పెల్ స్లాట్లు (ఒక్కోటి ఒక మంత్రం వేసే అవకాశం), సిద్ధం చేసుకున్న మంత్రాలు ఇంకో డజను ఉంటాయి. వాటికి తోడు క్లాస్ ఫీచర్లు (పాత్ర వృత్తిని బట్టి వచ్చే శక్తులు), మీరిచ్చిన మాయ ఉంగరాలూ కత్తులూ. అంత సరుకు పెట్టుకున్నవాడు ఎదురుగా ఉన్న వాగు వైపు ఎందుకు చూస్తాడు? జవాబు కాగితం మీదే ఉందని ఆ ఆటే మూడేళ్లుగా వాడికి నేర్పింది. ఇందులో మీ మిత్రుల తప్పేం లేదు, మీ కథల తప్పూ లేదు.

అయితే రెండు గంటల కొట్లాట, ప్రాణభయం లేకపోవడం, ఈ కాగితం గోల మూడూ ఒకే జబ్బు కాదు. మొదటి రెండింటికి మందు ఆ పుస్తకంలోనే ఉంది. మూడోదానికి లేదు.

భయం ఎందుకు పోయిందో ముందు చూద్దాం. 2014 డంజన్ మాస్టర్స్ గైడ్ లెక్క ప్రకారం ఒక గుంపు ఒక రోజులో, అంటే ఒక లాంగ్ రెస్ట్‌కీ (రాత్రి నిద్ర) ఇంకోదానికీ మధ్య, ఆరు నుంచి ఎనిమిది ఓ మోస్తరు లేక కష్టమైన ఎదురుపాట్లని తట్టుకోగలదు. మంత్రాల బలం, హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలరో చెప్పే అంకె) ఆ లెక్కకి సరిపోయేలా ఉన్నాయి. వారానికోసారి కూర్చునే గుంపుల్లో ఆరు కొట్లాటలు ఎవరు పెడతారు? ఒకటి, మహా అయితే రెండు. ఆ తర్వాత "రాత్రి పడుకున్నాం" అంటారు. పొద్దున లేచేసరికి హిట్ పాయింట్లన్నీ, స్లాట్లన్నీ తిరిగొచ్చేస్తాయి. అంటే ఎనిమిది కొట్లాటలకి సరిపడే మందుగుండు ఒక్కదాంట్లోనే పేల్చేస్తున్నారన్నమాట.

ఇక్కణ్ణుంచే మీ రెండు గంటలు మొదలవుతాయి. పుస్తకంలో మామూలు బందిపోటుకి 11 హిట్ పాయింట్లు. మీ విజార్డ్ ఫైర్‌బాల్ మంత్రం వేస్తే ఎనిమిది ఆరు ముఖాల పాచికలు, సగటున 28. సేవింగ్ త్రో (ముప్పు తప్పించుకోడానికి వేసే పాచిక) నెగ్గినవాడికి సగం, 14. నెగ్గినా చచ్చేవాడే. ఇది రెండు మూడుసార్లు చూశాక ఏ డీఎం అయినా శత్రువుల హిట్ పాయింట్లు పెంచుతాడు. మీరూ పెంచే ఉంటారు. దాంతో శత్రువు చావడానికి ఎక్కువ సేపు పడుతుంది, వాడి దెబ్బ మాత్రం పాతదే. కొట్లాట సాగుతుంది, అందులో ప్రమాదం ఉండదు. ఆటలో ఇంతకంటే విసుగు పుట్టించే సరుకు లేదు.

కాలం లెక్క కూడా వేసి చూడండి. ఐదుగురు ఆటగాళ్లు, వంతుకి మూడేసి నిమిషాలు, 15. మీ చేతిలో ఆరుగురు శత్రువులు, ఒక్కొక్కరికీ ఒక నిమిషం, 6. రౌండ్‌కి 21 నిమిషాలు, ఆరు రౌండ్లకి 126. ఒకడు తన వంతు ముగించాక మళ్లీ పాచిక ముట్టుకోవడానికి 18 నిమిషాలు ఆగాలి. ఈలోగా ఫోన్ చూస్తే తిట్టి లాభం లేదు.

కాబట్టి వచ్చే రెండు ఆదివారాలు ఏమీ మార్చకండి. ఒక కాగితం మీద మూడు గళ్లు గీసి గడియారం పక్కన పెట్టుకోండి. కొట్లాటకి ఎన్ని నిమిషాలు, ఎన్ని రౌండ్లు అన్నది ఒక గడి. నియమం వెతకడానికి పుస్తకమో ఫోనో ఎన్నిసార్లు తెరిచారన్నది రెండోది. మూడోది ముఖ్యం. "ఏం చేస్తావు?" అని మీరడిగినప్పుడు జవాబు ఆ కాగితంలోంచి, అంటే షీట్‌లోంచి, వస్తే ఒక గీత, మీరు వర్ణించిన చోటులోంచి వస్తే ఒక సున్నా. ఉత్తరంలో రాసింది ఒక పక్కన ఉంచి, అంకెలు ఏం చెబుతాయో చూసుకోండి. వంతుకి పట్టే కాలం ఎక్కువైతే జబ్బు బల్ల దగ్గర ఉంది. రౌండ్లు ఎక్కువైతే శత్రువుల తయారీలో ఉంది. రెండూ బాగానే ఉండి గీతలు మాత్రం సున్నాలని మింగేస్తుంటే సిస్టమ్ తీరే మీకు సరిపడడం లేదని అర్థం.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోండి. "మొదట్లో సరదాగా ఉండేది" అన్నారు. ఆ మొదలు ఏ లెవెల్ దాకా? నాలుగో లెవెల్ దాకా ఇదే ఆట వేరే ఆటలా నడుస్తుంది. ఐదో లెవెల్‌లో యోధుడికి రెండో దెబ్బ, విజార్డ్‌కి ఫైర్‌బాల్, క్లెరిక్‌కి (దైవశక్తితో మంత్రాలు వేసేవాడు) చచ్చినవాణ్ణి లేపే రివివిఫై, అన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి. చచ్చి నిమిషం దాటనివాణ్ణి 300 బంగారు నాణేల వజ్రంతో లేపేయొచ్చు. మీ సరదా సరిగ్గా అక్కడే ఆగిపోయి ఉంటే విసుగు సిస్టమ్ మీద కాదు, లెవెల్ మీద. అప్పుడు మందు చవక. కొత్త క్యారెక్టర్లతో ఒకటో లెవెల్ నుంచి మొదలుపెట్టి, ఐదో లెవెల్‌కి ముందే కథ ముగిసేలా రాసుకోండి. అలాగే, ఇదే ఆట ఇంకొకరు నడిపితే మీకు ఆడాలని ఉందా? ఉంటే మీది నడిపేవాడి అలసట. ఇరవయ్యో లెవెల్ ప్లాన్ ఉన్న పెద్దమనిషికి పుస్తకాలు అప్పగించి రెండు నెలలు అటువైపు కూర్చోండి.

2024లో వచ్చిన సవరించిన పుస్తకాలు కొంటే పోతుందా అని చాలామంది అడుగుతారు. మీ బాధకి అది మందు కాదు. వెన్నెముక అదే. పైగా కత్తి పట్టినవాళ్లకి వెపన్ మాస్టరీ అంటూ వంతుకి ఇంకో నిర్ణయం కలిసింది. కొన్ని గుంపులకి అది వరం, మీకు మాత్రం మరో అర నిమిషం.

ఇప్పుడు మరమ్మతులు. పాత కథని ముగించడానికైనా ఇవి కావాలి.

మొదట వంతుని నిమిషానికి దించండి. ఒకడి వంతు నడుస్తున్నప్పుడే "తర్వాత నువ్వు" అని పక్కవాణ్ణి లేపండి. దాడి పాచిక, దెబ్బ పాచిక కలిపి ఒకేసారి వేయించండి, తగలకపోతే రెండోది వదిలేయడమే. మంత్రం మాటలు చిన్న అట్టముక్క మీద రాసి ఉంటేనే ఆ మంత్రం వేయొచ్చు, బల్ల మీద పుస్తకం తెరవడం లేదు. పెళ్లి శుభలేఖల వెనక ఖాళీ వైపు దీనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. నిమిషంలో తేల్చుకోలేనివాడు ఆ రౌండ్‌కి డాడ్జ్ చేసినట్టు (దెబ్బలు తప్పించుకుంటూ నిలబడ్డట్టు), ముందుకి వెళ్లిపోవాలి. సాధారణంగా నిదానంగా ఆలోచించే మనిషి దీనికి నొచ్చుకుంటాడు. "ఏమీ తోచకపోతే ఇది చేస్తాను" అని ముందే ఒక పని రాయించి పెట్టుకుంటే ఇబ్బంది తప్పుతుంది. శత్రువుల దెబ్బకి మీరు పాచికలే వేయొద్దు, పుస్తకంలో ప్రతి దెబ్బ పక్కన సగటు అచ్చువేసే ఉంది.

రెండోది, శత్రువుల హిట్ పాయింట్లు సగం చేసి, దెబ్బ ఒకటిన్నర రెట్లు చేయండి. ఓగర్ అనే రాక్షసుడికి పుస్తకంలో 59 హిట్ పాయింట్లు, దెబ్బ సగటు 13. దాన్ని 30కి, 20కి మార్చండి. మీ విజార్డ్‌కి సుమారు 50 హిట్ పాయింట్లుంటాయి. పాత ఓగర్ నాలుగుసార్లు కొడితే గానీ పడడు, కొత్తది మూడో దెబ్బకి పడేస్తుంది, రెండో దెబ్బకే గది నిశ్శబ్దమైపోతుంది. దెబ్బని ఏకంగా రెట్టింపు చేయాలని మాత్రం ఆశపడకండి. పెద్ద రాక్షసులు రెండు మూడు దాడులు చేస్తాయి, అవన్నీ ఒకడి మీదే పడ్డ రోజు వాడు తన వంతు రాకుండానే పోతాడు. భయం వేరు, అన్యాయమన్న భావన వేరు.

మూడోది పారిపోవడం. ఆఖరి శత్రువు దాకా చంపితే గానీ ఆగని కొట్లాటలో చివరి రెండు రౌండ్లు వట్టి ఊడిగం. 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ ఆటలో దీనికి చక్కటి నియమం ఉంది. ప్రతి శత్రువుకీ ధైర్యం అంకె ఒకటి ఉంటుంది, పిరికిపందలకి 6 లేక 7, సైనికులకి 8, ప్రాణాలకి తెగించినవాళ్లకి 10 పైన. మొదటివాడు చచ్చినప్పుడు ఒకసారి, సగంమంది పడ్డాక ఇంకోసారి రెండు ఆరు ముఖాల పాచికలు వేయండి. ఆ అంకె దాటి పడితే పారిపోతారు. ధైర్యం 7 ఉన్న మూకకి ఒక్కో పరీక్షలో పారే అవకాశం 36లో 15. రెండు పరీక్షలూ కలిపి చూస్తే మూడు కొట్లాటల్లో దాదాపు రెండు మధ్యలోనే తేలిపోతాయి. 2014 పుస్తకంలోనూ ధైర్యానికి ఐచ్ఛిక నియమం ఉంది, విజ్డమ్ సేవింగ్ త్రో వేయాలి, కానీ పాతదే చేతికి సులువు. ఇందులో తెగేది ఎక్కడంటే, చంపితేనే అనుభవ పాయింట్లు ఇస్తే మీవాళ్లు పారిపోయేవాళ్ల వెంట పడి ఇంకో గంట తింటారు. పారిపోయినవాడికీ చచ్చినవాడికీ ఒకే పాయింట్లు అని మొదటి రోజే చెప్పేయండి.

నాలుగోది విశ్రాంతి. షార్ట్ రెస్ట్ ఎనిమిది గంటలు, లాంగ్ రెస్ట్ ఏడు రోజులు అన్న ఐచ్ఛిక నియమం అదే పుస్తకంలో ఉంది. ఆదివారానికి ఒక్క కొట్లాటే పెట్టినా, నాలుగు ఆదివారాలు ఒకే మందుగుండుతో గడపాలి. భయం దానంతటదే వస్తుంది. క్లెరిక్, విజార్డ్ గొణుగుతారు, వార్లాక్ (ఇంకో రకం మంత్రగాడు) ఉంటే మురిసిపోతాడు, ఎందుకంటే వాడి స్లాట్లు షార్ట్ రెస్ట్‌కే వస్తాయి. మేజ్ ఆర్మర్ (మాయ కవచం) లాంటి ఎనిమిది గంటల మంత్రాలు ఈ లెక్కలో దండగైపోతాయి, వాటిని "వచ్చే షార్ట్ రెస్ట్ దాకా" అని మార్చండి. కథ మధ్యలో హఠాత్తుగా పెట్టొద్దు, గుంపు కొత్త ప్రాంతంలో అడుగుపెట్టే చోట పెట్టండి.

ఇక్కడితో ఆపండి. ఐదో మరమ్మతు, ఆరో మరమ్మతు చేస్తూ పోతే చివరికి మీ చేతిలో మీకొక్కరికే తెలిసిన ఆట ఒకటి మిగులుతుంది. ఆటగాడు పుస్తకం చదివి వచ్చి ఏదన్నా అంటే "అది మన దగ్గర లేదు" అనాలి. అంతకంటే వేరే ఆట తీసుకోవడం తేలిక.

వీటితో వంతు నిమిషం, రౌండ్ పది నిమిషాలు, కొట్లాట నాలుగు రౌండ్లు, అంటే మీ రెండు గంటలు నలభై నిమిషాలకి దిగుతాయి. కాగితంలోకి చూసే అలవాటు మాత్రం పోదు. అందుకే మా సలహా సూటిగా చెబుతున్నాం. ఈ మరమ్మతులతో పాత కథని మూడు ఆదివారాల్లో ముగించండి. ఆ తర్వాత నాలుగు ఆదివారాలు కెయిర్న్ ఆడించండి.

కెయిర్న్ 2020లో యోచాయ్ గాల్ విడుదల చేసిన ఆట. నియమాలు ఉచితం, మొదటి ఎడిషన్ చిన్న పుస్తకం, జిరాక్స్ షాపులో తీయించుకోవచ్చు. బలం, చురుకు, మనోబలం అని మూడే గుణాలు. మూడేసి ఆరు ముఖాల పాచికలు వేసి వచ్చిన అంకె రాసుకుంటారు, కావాలంటే రెండింటిని తారుమారు చేసుకోవచ్చు. హిట్ పాయింట్ల చోట "హిట్ ప్రొటెక్షన్" ఉంటుంది. మొదట్లో ఒక్క ఆరు ముఖాల పాచిక, అంతే. సామాను పెట్టుకోవడానికి పది గళ్లు, పదీ నిండితే ప్రొటెక్షన్ సున్నా. క్లాసులు లేవు, లెవెళ్లు లేవు. అన్నిటికన్నా పెద్ద తేడా, తగిలిందా లేదా అని చూసే పాచికే లేదు. దాడి చేస్తే దెబ్బ పాచిక వేయడమే.

కాగితం మీద గొలుసు, కడ్డీ, లాంతరు, మూడు రోజుల తిండి తప్ప ఏమీ లేనప్పుడు ఆటగాడు దేన్ని చూస్తాడు? మీరు వర్ణించిన చోటుని చూస్తాడు. చూడక తప్పదు.

ఒక ఉదాహరణ. మహేంద్రగిరి దిగువన ఘాట్ రోడ్డు, వాన వెలిసింది, ఎర్రమట్టి జారుతోంది. మీవాళ్లు జీడిపిక్కల బస్తాల బండితో దిగుతున్నారు. కింద మలుపులో, కల్వర్టు పక్కన, నలుగురు దారికాచి ఉన్నారు. పాత ఆటలో అయితే ఎవరి వంతు ముందో తేల్చడానికి "ఇనిషియేటివ్ వేయండి" అంటారు, అందరూ షీట్లు తిప్పుతారు. కెయిర్న్‌లో మీరు చెప్పేదంతా చెప్పేస్తారు. నలుగురు, చేతిలో దుడ్డుకర్రలు, దెబ్బ ఆరు ముఖాల పాచిక, మిమ్మల్ని ఇంకా చూడలేదు, బండి వాలులో రాయి అడ్డుపెట్టి ఆగి ఉంది.

"ఏటి చేస్తారు?"

"ఎడ్లు విప్పేసి, ఆ రాయి తీసేస్తే?"

రాయి తీయడానికి పాచిక అక్కర్లేదు, అందులో వాళ్లకి ప్రమాదం లేదు కాబట్టి. బండి జారుతుంది. తప్పించుకోడానికి దొంగలు చురుకు మీద సేవ్ వేయాలి, ఇరవై ముఖాల పాచిక గుణం అంకెకి సమానంగా గానీ తక్కువగా గానీ పడాలి. ముగ్గురు గెంతారు, ఒకడు చక్రం కింద పడ్డాడు. మొదటివాడు పడగానే మనోబలం పరీక్ష. నాయకుడి మనోబలం 8, పాచిక 13. పారిపోయారు. అంతా కలిపి ఐదు నిమిషాలు. జీడిపిక్కలు కల్వర్టు నిండా చెల్లాచెదురు, ఎడ్లు బెదిరి ఎటో పోయాయి. ఆ తర్వాత సంగతి వాళ్లే చూసుకుంటారు.

అదే ఒకడు ఆవేశపడి బరిసెతో ముందుకి దూకాడనుకోండి. దొంగ దెబ్బ పాచిక 6, వీడి ఒంటి మీద ఒక పాయింటు కవచం, మిగిలింది 5. ప్రొటెక్షన్ 3, అది పోయింది. మిగిలిన 2 బలంలోంచి, 11 కాస్తా 9. ఇప్పుడు ఆ 9 మీద సేవ్. 14 పడింది. మనిషి నేలమీద పాకడం తప్ప ఏమీ చేయలేడు, గంటలోపు ఎవరూ చూడకపోతే పోతాడు. ఒక్క దెబ్బ. మీవాళ్లు రెండోసారి ఎదురు వెళ్లరు, రాయి కోసం చూస్తారు.

మిగతా ఆటల గురించి క్లుప్తంగా. మీ గుంపు మాటకారి అయితే, వేషం కట్టి వాదించుకోవడమే వాళ్లకి ఇష్టమైతే, డంజన్ వరల్డ్ బాగుంటుంది. రెండు ఆరు ముఖాల పాచికలు, 10 గానీ ఆపైన గానీ పడితే అనుకున్నది జరుగుతుంది, 7 నుంచి 9 అయితే జరుగుతుంది కానీ ఏదో నష్టంతో, 6 లోపు అయితే కథ మీ చేతికి వస్తుంది. ఆ "ఏదో నష్టం" ప్రతిసారీ అప్పటికప్పుడు కల్పించాలి, అలసిపోయిన డీఎంకి అది రెండో చాకిరీ. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ నియమాలన్నీ ఆన్‌లైన్‌లో ఉచితమే, వంతుకి మూడు పనులన్న లెక్క చాలా శుభ్రంగా ఉంటుంది. ఇరవయ్యో లెవెల్ మిత్రుడు దానికి దాసోహం అంటాడు, మీరు నెలలో మళ్లీ ఉత్తరం రాస్తారు.

భయమే కావాలంటే కాల్ ఆఫ్ కథుల్హు. నూటికి ఇంత అని నైపుణ్యాలుంటాయి, హిట్ పాయింట్లు పదీ పన్నెండు దగ్గరే ఆగుతాయి, పెరగవు. అది ఎక్కువగా 1920ల్లో నడిచే ఆట. మీ ఊరికి అదో వరం. అప్పటికి పర్లాకిమిడి ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది, 1936లో గానీ ఒడిశాలో కలవలేదు. నౌపడ నుంచి ఆ చిన్న రైలు 1900లోనే మొదలైంది. రాజావారి కోట, కొమ్ముపనివాళ్ల వీధి, పైన ఏజెన్సీ కొండల్లో మన్యం జ్వరం, ఆఖరి బండి దిగిన ఒంటరి ప్రయాణికుడు, ఇంకేం కావాలి? ఒక్క మాట. కొండల్లో కథ పెడితే సవర గిరిజనులని రాక్షసులుగానో క్షుద్రపూజలవాళ్లుగానో చూపించకండి. పాత ఆటల్లో కొండజాతి అంటే చంపాల్సినవాళ్లన్న అలవాటు ఉంది, అది మీ జిల్లాలో మీ పక్కింటివాళ్ల మీద పడుతుంది.

ఆట ఏదైనా ఒక అలవాటు మాత్రం కొత్తగా పెట్టండి. ఆటగాడు ముందు తను చేసే పని మామూలు మాటల్లో చెప్పాలి, తెలుగులోనో ఒడియాలోనో, ఆట పదం ఒక్కటీ లేకుండా. "పర్సెప్షన్ వేస్తాను" అంటే ఒప్పుకోకండి. "తలుపు సందులోంచి చూస్తాను, చెవి ఆనించి వింటాను" అంటే సరే. పాచిక కావాలా వద్దా అన్నది మీరు చెబుతారు. సేవింగ్ త్రో, హిట్ పాయింట్ లాంటి మాటలకి తెలుగు వెతుక్కోవాల్సిన పని లేదు, అందరి నోటా నానినవే. వర్ణన మాత్రం ఇంట్లో మాట్లాడే మాటల్లో ఉండాలి. వాడుక భాష కోసం పట్టుబట్టిన గిడుగు రామమూర్తి గారి ఊళ్లో కూర్చుని ఇంగ్లీషు రూల్‌బుక్ గొంతుతో అడవిని వర్ణించడం ఏం బాగుంటుంది! ఇద్దరు ఒడియా మిత్రులకి తెలుగు పట్టుబడకపోతే ఊరి జనంలో సగంమంది పాత్రలని ఒడియాలో మాట్లాడించండి. మీ ఊళ్లో ఎలాగూ జరిగేది అదే.

ఇక ఒప్పించడం. ఆటని తిట్టకండి. "ఐదో ఎడిషన్ చెత్త" అంటే వాళ్ల మూడేళ్ల సరదాని చెత్త అన్నట్టే. "నేను అలిసిపోయాను. ఈ కథ మూడు వారాల్లో ముగిస్తాను. తర్వాత నాలుగు వారాలు ఇంకోటి చూద్దాం, నచ్చకపోతే మళ్లీ ఇదే" అనండి. నాలుగు అన్న అంకె ముఖ్యం, ముగింపు కనిపించే ప్రయోగానికి ఎవరూ అడ్డు చెప్పరు. మూడు వారాల్లో ముగించాలంటే తెరిచి ఉన్న కథల్లో రెండే ఉంచి మిగతావి కోసేయాలి. ఏ రెండో ఆటగాళ్లనే అడగండి, వాళ్లు చెప్పేది మీరనుకున్న రెండూ అవ్వకపోవచ్చు.

ఇరవయ్యో లెవెల్ మిత్రుణ్ణి విడిగా కూర్చోబెట్టి మాట్లాడాలి. వాడు పోగొట్టుకునేది నిజంగానే ఉంది, రాసుకున్న ప్లానంతా. కాబట్టి ముగింపు తర్వాత ఒక్క ఆదివారం "పదేళ్ల తర్వాత" అని పెట్టండి, అందరూ ఇరవయ్యో లెవెల్‌తో. షీట్లు నెల ముందే రాసుకోమనండి. ఒకే ఒక్క కొట్లాట, ఒకే పెద్ద శత్రువు, ఇంకేం వద్దు, అదే మధ్యాహ్నమంతా పడుతుంది.

పాత క్యారెక్టర్లని మాత్రం కొత్త ఆటలోకి మార్చకండి. ఇది చాలా గుంపులు చేసే తప్పు. ఎనిమిదో లెవెల్ పాలడిన్ యోధుణ్ణి కెయిర్న్‌లోకి తెస్తే వాడికి మిగిలేది కత్తి, కవచం, నాలుగు ప్రొటెక్షన్ పాయింట్లు. ఆటగాడు నాలుగు వారాలూ పోయినవి లెక్కపెడుతూ కూర్చుంటాడు. కొత్త మనుషులు, కొత్త ఊరు. క్యారెక్టర్లు బల్ల దగ్గరే, ఇరవై నిమిషాల్లో. ఒక్కొక్కరికీ రెండేసి, ఎందుకంటే ఒకటి పోతుంది. పోయినవాడి రెండో మనిషి పది నిమిషాల్లో కథలోకి రావాలి, దారిలో కలిసిన బండివాడో, దొంగలు కట్టేసిన బందీయో.

మొదటి ఆదివారం రెండు చోట్ల తప్పకుండా ఇరుక్కుంటారు. మీవాళ్లు పాత ధైర్యంతో నేరుగా కొట్లాటకి దిగుతారు, ఇద్దరు పడతారు, "ఇదేం ఆట" అంటారు. దానికి విరుగుడు మీ నోట్లోనే ఉంది. వాళ్లు దూకే ముందే అంకెలు చెప్పేయండి, "వాడి కొడవలి దెబ్బ ఆరు దాకా, నీకున్నది మూడు, అయినా వెళ్తావా?" ప్రమాదాన్ని దాచితే వాళ్లు మిమ్మల్నే తిడతారు, చూపించాక దూకితే తమనే తిట్టుకుంటారు. రెండో చోటు మీదే. మూడేళ్ల అలవాటుగా ప్రతిదానికీ పాచిక వేయిస్తారు. గుణాలు పదీ పదకొండు ఉన్న ఆటలో అలా చేస్తే సగం పనులు చెడిపోయి క్యారెక్టర్లు తెలివితక్కువవాళ్లలా కనిపిస్తారు. ప్రమాదం ఉంటేనే సేవ్, లేకపోతే పని జరిగిపోయినట్టే. ఒక చీటీ మీద "ప్రమాదం ఏది?" అని రాసి మీ ముందు పెట్టుకోండి.

తీర్పు మొదటి వారం చెప్పనివ్వకండి. కొత్త నియమాల తడబాటు అందులో ఉంటుంది. మూడో ఆదివారం మళ్లీ ఆ మూడు గళ్ల కాగితం తీయండి. సున్నాలు పెరిగాయా చూడండి. పెరిగినా మీవాళ్లు పాత ఆటే కావాలంటే, కొత్త క్యారెక్టర్లతో, ఆరో లెవెల్ దాటకుండా, నాలుగు మరమ్మతులతో అదే ఆడించండి, నెలకో ఆదివారం కెయిర్న్ మీకోసం ఉంచుకోండి.

పాచికల సంగతి మీరు అడగలేదు గానీ, కెయిర్న్‌కి మీ దగ్గరున్న ఏడు పాచికల సెట్టే సరిపోతుంది, కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. సామాను పది గళ్ల కోసం శుభలేఖ అట్టని అడ్డంగా ఐదు, నిలువుగా రెండు గళ్లుగా గీసి, సామాన్లని పెన్సిల్‌తో రాయించండి. పెన్ను ఇస్తే మొదటి గంటలోనే అట్ట పాడైపోతుంది.